లుకింగ్ ఫార్వర్డ్ టు తర్వాత హియరా, హియరింగా?

కొత్త ఫ్రెషర్:
అందరికీ నమస్తే. నిన్న ఇంటర్వ్యూ అయ్యాక హెచ్ఆర్ మేడమ్‌కి థాంక్యూ మెయిల్ పెట్టాను, చివర్లో "లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యూ" అని రాశా. మా అక్క చూసి హియర్ కాదురా హియరింగ్ అని నవ్వింది. నాది పదో తరగతి దాకా తెలుగు మీడియం, టు వస్తే పక్కన వీ1 అని మా సార్ బెత్తం పట్టుకుని మరీ బట్టీ పెట్టించారు, టు గో టు ఈట్ టు ప్లే ఇలా. మరి ఇక్కడ ఐఎన్‌జీ ఎట్లా వస్తది? అక్కని అడిగితే అదంతే అంటది తప్ప ఎందుకో చెప్పదు.

చారుపులుసు:
హియరింగే. అక్క కరెక్ట్.

రిటైర్డ్ మాస్టారు:
బాబూ, మీ సార్ చెప్పింది తప్పు కాదు, సగమే చెప్పారు. ఇంగ్లీషులో టు రెండు రకాలు. వాంట్ టు గో లో ఉన్న టు వెర్బ్‌కి సంబంధించింది, దాని పక్కన వీ1 రావాల్సిందే. లుక్ ఫార్వర్డ్ టు లోది ప్రిపోజిషన్, ఫ్రమ్, ఫర్, అబౌట్ లాంటిదన్నమాట, దాని పక్కన నామవాచకం ఉండాలి, వెర్బ్ పెట్టాలంటే ఐఎన్‌జీ తగిలించి నామవాచకంలా మార్చుకోవాలి. అనుమానం వస్తే టు పక్కన "ఇట్" పెట్టి చూడు. "ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్" అతుకుతుంది, "ఐ వాంట్ టు ఇట్" అతకదు. అతికిన చోట ఐఎన్‌జీ.
పిల్లలు ఇంతకంటే ఎక్కువగా బోల్తా పడేది యూజ్డ్ టు దగ్గర. "ఐ యూజ్డ్ టు డ్రైవ్ ఇన్ హైదరాబాద్" అంటే ఒకప్పుడు నడిపేవాణ్ణి, ఇప్పుడు లేదు. "ఐ యామ్ యూజ్డ్ టు డ్రైవింగ్ ఇన్ హైదరాబాద్" అంటే ఆ ట్రాఫిక్‌లో నడపడం నాకు అలవాటే అని. ఒక్క యామ్, ఒక్క ఐఎన్‌జీ తేడాతో అర్థం ఎటో పోయింది చూశావా.

గోదారి గట్టు:
మాస్టారు గారూ బాగా చెప్పారండీ. నేను దీన్ని తెలుగులోనే గుర్తుపెట్టుకుంటానండీ, "వినడానికి" విడదీస్తే వినడం + కి, వినడం అంటే హియరింగ్, కి అంటే టు, మనం పుట్టినప్పట్నుంచీ టు హియరింగ్ అనే అంటున్నామన్నమాట, మళ్ళీ ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి హియర్ అంటాం 😄 కాకపోతే అన్నిచోట్లా ఈ లెక్క వాడకండి, "వెళ్ళడానికి ట్రై చేశా" కూడా అలాగే ఉంటుంది గానీ అక్కడ ట్రైడ్ టు గో నే.

డల్లాస్ బావ:
ఇంత అవసరమా, హియర్ అన్నా ఎదుటోళ్ళకి అర్థమైపోద్ది. నిజంగా కొంప ముంచేది "రివర్ట్". నేను ఇక్కడికొచ్చిన కొత్తలో ఒక టీమ్‌మేట్‌కి కోడ్ పంపించి, "ప్లీజ్ రివర్ట్ బై ఈవెనింగ్" అని రాశా, సాయంత్రంలోగా రిప్లై ఇవ్వమని నా ఉద్దేశం, పాపం ఆయన నేను చేసిన మార్పులన్నీ వెనక్కి తీసేసి డన్ అని మెయిల్ కొట్టాడు. రివర్ట్ అంటే రిప్లై అనేది మన ఆఫీసుల్లోనే బాగా నడుస్తది, ఇక్కడోళ్ళకి పాత స్థితికి వెళ్ళిపోవడమే. రిప్లై అని రాస్తే పోలా.

కొత్త ఫ్రెషర్:
అమ్మో బావా, నేను అదే మెయిల్‌లో కైండ్లీ రివర్ట్ కూడా రాశా 🙈 మాస్టారు గారూ చాలా థాంక్సండీ, ఇట్ పెట్టి చూడటం సూపర్‌గా ఉంది. ఇప్పుడు సరిచేసి ఇంకో మెయిల్ పంపమంటారా?

చారుపులుసు:
వద్దు తమ్ముడూ. ఆమె గమనించి ఉండదు, నువ్వే చూపించినట్టవుద్ది.

రిటైర్డ్ మాస్టారు:
వద్దు బాబూ. వారంలో కబురు రాకపోతే ఎలాగూ ఇంకోటి రాస్తావు కదా, అందులో "ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యూ" అని పెట్టు. లుకింగ్ కంటే లుక్ కాస్త మర్యాదగా ఉంటుంది. ఫార్వర్డ్ స్పెల్లింగ్ కూడా ఒకసారి చూసుకో, ఎఫ్ ఓ ఆర్ ఈ అని మొదలుపెట్టి డబ్ల్యూ ఓ ఆర్ డీ తగిలిస్తే అది పుస్తకానికి రాసే ముందుమాట అవుతుంది.