మోయిస్ కటుంబి: పైసలు, క్లబ్బు, గవర్నర్ గిరి ఉన్నా అధ్యక్ష పదవి ఎందుకు దక్కలే?

పాలమూరు పిలగాడు:
అన్నలూ, మహబూబ్‌నగర్ స్టడీ సర్కిల్ల ఆదివారం చర్చ ఉంది. కాంగో నాయకుడు కటుంబి నా వంతుకు వచ్చిండు. మూడు డౌట్లు. గవర్నర్ అంటే మన రాజ్‌భవన్ల ఉండేటాయన లెక్కనా? మజెంబె ఫుట్‌బాల్ క్లబ్బు ఆయన పెట్టిందేనా? 2018ల నామినేషనే ఎయ్యలేదు, 2023ల పోటీ చేసిండు. నడుమ ఏం మారింది?

పానగల్లు చెరువు:
రాజ్‌భవన్ కాదు తమ్మీ, జడ్పీ చైర్మన్‌ను తలుచుకో. జడ్పీటీసీలు చైర్మన్‌ను ఎన్నుకున్నట్టే అక్కడ రాష్ట్ర సభ సభ్యులు ఓటేసి గవర్నర్‌ను ఎన్నుకుంటరు. 2007ల కాంగోల కటంగా రాష్ట్రానికి కటుంబి అట్లనే గవర్నర్‌గా వచ్చిండు. కాకపోతే అప్పటి కటంగాల మన తెలంగాణ లాంటివి నాలుగు పడతయి. రాగి, కోబాల్ట్ అంతా అక్కడే. 2015ల కటంగాను నాలుగు ముక్కలు చేసిన్రు, అదే ఏడు సెప్టెంబర్ల ఆయన పదవికి, అధికార పార్టీకి రాజీనామా ఇచ్చిండు.

వ్యాపారం సంగతి మర్చిపోకు. 1997ల పెట్టిన ఎంసీకే కంపెనీకి సొంత గని కంటే గని కాంట్రాక్టే ముఖ్యం: పైమట్టి తీసుడు, ఖనిజం డంపర్లల్ల ఎత్తుడు. గసొంటి పని సర్కారు మాట మీద నడుస్తది. పైవాళ్లతోని చెడితే మొదటి దెబ్బ పడేది అక్కడే. పార్టీ వదిలిన ఏడే ఆ కంపెనీని ఫ్రెంచ్ వాళ్లకు అమ్మేసిండు. నా లెక్కల ఆయన కథకు అసలు మలుపు ఇదే.

గోల్‌కీపర్:
క్లబ్బు ఆయన పెట్టింది కాదు. అది 1939 నాటిది, ఆయన 1997ల అధ్యక్షుడైండు. 2009, 2010, 2015లల్ల ఆఫ్రికా చాంపియన్స్ లీగ్ గెలిచిన్రు. 2010ల క్లబ్ వరల్డ్ కప్ ఫైనల్ దాకా పోయి ఇంటర్ మిలాన్ చేతుల 3-0తో ఓడిన్రు. ఆ ఫైనల్‌కు చేరిన మొదటి ఆఫ్రికా క్లబ్బు ఇదే.

ఫుట్‌బాల్‌ను రాజకీయంల ఎట్ల వాడిండో చూడు. 2014 డిసెంబర్ల కటంగా రాజధాని లుబుంబాషి సభల, రెండు తప్పుడు పెనాల్టీలు ఒప్పుకున్నం, మూడోది కూడా ఒప్పుకుందమా అని జనాన్ని అడిగిండు. అధ్యక్షుడు కబిలా పేరెత్తలే. కబిలా మూడోసారి పోటీ చేసే సంగతే అని అందరికీ అర్థమైంది.

కోయిల్‌సాగర్:
2018 సంగతి చెప్త. 2016ల ఒక ఇంటి ఆస్తి కేసుల, ఆయన దేశంల లేనప్పుడే మూడేండ్ల శిక్ష ఏసిన్రు. నన్ను ఒత్తిడి పెట్టి సంతకం చేయించిన్రని తీర్పిచ్చిన జడ్జి ఒకామె తర్వాత లేఖ రాసింది. నామినేషన్ల గడువు 2018 ఆగస్టు 8. ఐదు రోజుల ముందు జాంబియా దిక్కు నుంచి కసుంబలెసా సరిహద్దుకు వచ్చిండు. లోపలికి రానియ్యలే, కథ అక్కడికే ఆగింది.

ఇంకో మెలిక పౌరసత్వం. కాంగో జాతీయత ఒక్కటే, ఇంకోదానితో కలిపి పెట్టుకోవద్దని రాజ్యాంగం 10వ అధికరణం. ఈయనకు కొన్నేండ్లు ఇటలీ పౌరసత్వం ఉండె. మన వేములవాడ ఎమ్మెల్యే కేసు ఎన్నేండ్లు సాగిందో తెలుసు గదా, అసొంటి ఆయుధమే ఇది. తండ్రి గ్రీసుల రోడ్స్ దీవి నుంచి వచ్చిన యూదుడు. అందుకే తల్లిదండ్రులిద్దరూ కాంగో వాళ్లే ఉండాలనే బిల్లు 2021ల వచ్చినప్పుడు గురి ఈయన మీదనే అన్నరు. ఆ బిల్లు చట్టం కాలే.

2019 ఏప్రిల్ల పెద్ద కోర్టు ఆ శిక్ష కొట్టేసింది, మే 20న లుబుంబాషికి తిరిగొచ్చిండు. నువ్వు అడిగిన మార్పు ఇదే: కబిలా దిగిండు, కేసు పోయింది, దారి తెరుచుకుంది.

పాలమూరు పిలగాడు:
మరి 2023ల ఎందుకు ఓడిండు? ప్రతిపక్షం ఓట్లు చీలినయా?

పానగల్లు చెరువు:
చీలినయి గని అదొక్కటే కారణం అని చర్చల చెప్పకు, పట్టుకుంటరు. 2011ల రాజ్యాంగం మార్చి రెండో రౌండ్ తీసేసిన్రు. మనకాడ లెక్కనే ఎక్కువ ఓట్లొచ్చినోడే గెలుస్తడు. మతాతా పోన్యో అసొంటి కొందరు ప్రతిపక్ష అభ్యర్థులు కటుంబి కోసం తప్పుకున్నరు, ఇంకో ప్రతిపక్ష అభ్యర్థి ఫయులు తప్పుకోలే. అప్పటికే అధ్యక్షుడిగా ఉన్న చిషెకెడికి 73 శాతం, కటుంబికి 18, ఫయులుకు సుమారు 5. వీళ్లిద్దరివి కలిపినా ఏం సరిపోతది? డిసెంబర్ 20న చాలా బూతులు టైముకు తెరవలే, పోలింగ్ పొడిగించిన్రు. ఎన్నికే రద్దు చేయాలని కటుంబి అడిగిండు గని రాజ్యాంగ కోర్టుకు మాత్రం పోలే. కోర్టు మీద నమ్మకం లేదన్నడు.