నల్లా నీటిలోని క్లోరిన్‌ను సంపు దగ్గరే తీసివేయవచ్చా?

నల్లకుంట వాసి

సభ్యులందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంటులో 40 ఫ్లాట్లు ఉన్నాయి. జలమండలి నీరు రోజు విడిచి రోజు వస్తుంది. అది ముందు సంపులోకి, అక్కడి నుంచి మోటారు ద్వారా పై ట్యాంకుకు, ఆ తరువాత ఇళ్లలోని నల్లాలకు చేరుతుంది. వానలు మొదలైనప్పటి నుంచి, నీరు వదిలిన రోజున బ్లీచింగ్ పౌడర్ వాసన ఘాటుగా వస్తోంది. పప్పు ఉడికించినా ఆ వాసన పోవడం లేదని మా అమ్మ ఫిర్యాదు. మొన్నటి సంఘం సమావేశంలో ఒక పెద్దమనిషి, క్లోరిన్ వల్ల క్యాన్సర్ వస్తుందని, కాబట్టి సంపులోకి నీరు వచ్చే పైపుకే పెద్ద కార్బన్ ఫిల్టరు బిగించి దానిని పూర్తిగా తీసివేద్దామని ప్రతిపాదించారు. చాలామంది తల ఊపారు. నా భార్యకు ఇప్పుడు ఏడో నెల. అందువల్ల నాకూ భయంగానే ఉంది. ఆ మాటలో నిజమెంత? ఫిల్టరు పెట్టించడం మంచిదేనా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

పాత ప్రయోగశాల

నేను ఉద్యోగ జీవితమంతా నీటి పరీక్షల్లోనే గడిపి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ముందుగా సూటిగా చెబుతాను: సంపు దగ్గర ఆ ఫిల్టరు పెట్టించకండి.

క్లోరిన్ చేసే పని రెండు చోట్ల ఉంటుంది. శుద్ధి కేంద్రంలో నీటిలోని క్రిములను చంపడం మొదటిది. ఆ పని అయిన తరువాత కూడా నీటిలో కొంత క్లోరిన్ మిగిలేలా చూస్తారు, దారి పొడవునా కాపలా కాసేది అదే. మన నగరంలో ఈ కాపలా మరీ అవసరం, ఎందుకంటే పైపులో నీరు ఇరవై నాలుగు గంటలూ ఒత్తిడితో ఉండదు. సరఫరా ఆగిన వేళల్లో ఖాళీ పైపు, ఎక్కడైనా అతుకు వదులుగా ఉంటే, పక్కనున్న డ్రైనేజీ తడిని లోపలికి పీల్చుకుంటుంది. మళ్లీ నీరు వదిలినప్పుడు ఆ మురికిని ఎదుర్కొనేది మిగిలి ఉన్న క్లోరిన్ ఒక్కటే. తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐ.ఎస్. 10500 ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి, వైరస్‌ల నుంచి రక్షణ కావాలంటే కనీసం 0.5 ఉండాలి. వేరే దారి లేనప్పుడు 1 మిల్లీగ్రాము వరకు అనుమతిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, జీవితాంతం తాగినా ఫరవాలేదని చెప్పే పరిమితి 5 మిల్లీగ్రాములు. మనుషుల నాలుక అంతకంటే చాలా సున్నితమైనది, కొందరికి 0.3 వద్దే రుచి తెలిసిపోతుంది. మీ అమ్మగారు ఆ కొందరిలో ఒకరై ఉండవచ్చు.

ఇక వానాకాలపు ఘాటు సంగతి. వరద నీటిలో బురద, కుళ్లిన ఆకులు ఎక్కువగా ఉంటాయి గనుక క్లోరిన్ మోతాదు పెంచవలసి వస్తుంది. అయితే ఘాటు పెరగడానికి మరో కారణం కూడా ఉండవచ్చు. మురుగులోని అమ్మోనియాతో కలిసినప్పుడు క్లోరిన్ క్లోరమైన్‌లుగా మారుతుంది, వాటిలో కొన్నింటికి క్లోరిన్ కంటే ముక్కుకు తగిలే వాసన ఉంటుంది, క్రిములను చంపే శక్తి మాత్రం తక్కువ. అంటే వాసన ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్టు కాదు. కొలిచి చూడవలసిందే.

సంపు, పై ట్యాంకు అనేవి సరిగ్గా ఆ కాపలా అవసరమైన చోట్లు. మూత సందులోంచి బొద్దింక దూరవచ్చు, బల్లి పడవచ్చు. నీరు అక్కడికి చేరకముందే క్లోరిన్‌ను లాగేస్తే, మీ ఇళ్లకు చేరేది ఏ అండా లేని నీరు. పైగా క్లోరిన్ లేని కార్బన్ పొరల మీద బ్యాక్టీరియా హాయిగా కాపురం పెడుతుంది.

డాక్టరమ్మ

పైన చెప్పినదానితో నేను ఏకీభవిస్తున్నాను. క్యాన్సర్ మాట మాత్రం పూర్తిగా గాలి కబురు కాదు గనుక దానిని కొట్టిపారేయకుండా చూద్దాం.

నీటిలో కరిగి ఉన్న ఆకుల, నాచుల సారంతో క్లోరిన్ కలిసినప్పుడు ట్రైహాలోమీథేన్‌లు అనే ఉప ఉత్పత్తులు ఏర్పడతాయి. వాటిలో ప్రధానమైనది క్లోరోఫాం. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నీటిలో జోహానెస్ రూక్ అనే రసాయనవేత్త ఈ సంగతిని గుర్తించి 1974లో ప్రకటించారు. మన నగరానికి వచ్చే కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు ఉపరితల జలాలే గనుక ఇక్కడా ఇది ఆలోచించవలసిన విషయమే. అలాంటి నీటిని దశాబ్దాలపాటు తాగినవారిలో మూత్రాశయ క్యాన్సర్ కొంత ఎక్కువగా కనిపించిందని కొన్ని అధ్యయనాలు సూచించాయి. క్లోరోఫాంను మనుషులలో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో చేర్చారు కూడా. కానీ 1991లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్లోరిన్ కలిపిన తాగునీటిని పరిశీలించినప్పుడు, నిర్ణయానికి రావడానికి ఆధారాలు చాలవని తేల్చింది. మన ప్రమాణాల్లో క్లోరోఫాంకు లీటరుకు 0.2 మిల్లీగ్రాముల పరిమితి ఉంది. గర్భిణుల విషయంలో, శిశువు బరువుపై ఈ ఉప ఉత్పత్తుల ప్రభావం గురించి వచ్చిన ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు.

దీనికి ఎదురుగా ఉన్నదేమిటో చూడండి. కలుషిత నీటి ద్వారా వచ్చే హెపటైటిస్ ఇ కామెర్లు మామూలు వ్యక్తులకు చాలావరకు తగ్గిపోతాయి. అదే జబ్బు గర్భం చివరి మూడు నెలల్లో సోకితే వందమందిలో 20 నుంచి 25 మంది వరకు ప్రాణాలు కోల్పోవచ్చు. ఏడో నెల అన్నారు గనుక ఈ మాట కొంచెం కటువుగానైనా చెప్పక తప్పలేదు. 1955–56లో ఢిల్లీలో, యమున నుంచి నీరు తీసుకునే చోటికి నజఫ్‌గఢ్ మురుగు చేరడంతో దాదాపు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. అది హెపటైటిస్ ఇ అని చాలా ఏళ్ల తరువాత గుర్తించారు. విచిత్రమేమంటే, అదే నీరు తాగిన ఆ నగరంలో టైఫాయిడ్ పెరగలేదు. అప్పుడు వేసిన క్లోరిన్ బ్యాక్టీరియాను ఆపగలిగింది, అంత మురుగులో వైరస్‌ను ఆపడానికి మాత్రం చాలలేదు. వైరస్‌లకు 0.5 కావాలని పై సభ్యులు చెప్పినది అందుకే మరింత ముఖ్యం.

కాబట్టి క్లోరిన్‌ను గ్లాసు దాకా రానివ్వండి, గ్లాసు దగ్గర తీసివేయండి. వంటింట్లో తాగే నీటికి మాత్రం చిన్న కార్బన్ ఫిల్టరు పెట్టుకుని, గడువుకు దాని కాట్రిడ్జి మార్చుకుంటే చాలు. అదీ వద్దనుకుంటే తాగే నీటిని ఒక నిమిషం తెర్ల కాగనిచ్చి, మూత పెట్టి చల్లార్చండి. కాగేటప్పుడు క్లోరిన్‌తో పాటు క్లోరోఫాం కూడా చాలావరకు ఆవిరైపోతుంది. అలా కాచిన నీటికి ఇక రక్షణ ఉండదు గనుక మరునాటికి దాచవద్దు. ఇంట్లోనే డయాలిసిస్ చేయించుకునేవారు మీ భవనంలో ఎవరైనా ఉంటే వారిది వేరే కథ. వారి యంత్రానికి వెళ్లే నీటిలో క్లోరిన్, క్లోరమైన్‌లు అసలు ఉండకూడదు, లేకపోతే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి.

చేపల తొట్టి

నేను వైద్యుణ్ణీ రసాయనవేత్తనూ కాను, చేపలు పెంచుతాను. నల్లా నీరు నేరుగా పోస్తే క్లోరిన్‌కు వాటి మొప్పలు మాడిపోతాయి గనుక డి.పి.డి. పరీక్ష కిట్ ఎప్పుడూ దగ్గర ఉంటుంది. నీటిలో మాత్ర వేస్తే క్లోరిన్ ఉన్నప్పుడు గులాబీ రంగు వస్తుంది. మా ఇంట్లో నేను గమనించినదేమంటే, సంపులో రంగు కనిపించిన నీరే పై ట్యాంకులో రెండో రోజుకు రంగు లేకుండా పోతుంది. చేపలకు అది సంతోషం. మాకు ఎంత మంచిదో ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

నల్లకుంట వాసి

అందరికీ కృతజ్ఞతలు. కిట్ కొని మూడు చోట్ల పరీక్షించాను. నీరు వదిలినప్పుడు పైపు దగ్గర సుమారు 0.6 చూపింది. అదే సాయంత్రం సంపులో 0.2 ఉంది. మరునాడు ఉదయం పై ట్యాంకులో అసలు రంగే రాలేదు. అనుమానం వచ్చి సంపు చుట్టూ చూస్తే, మూత అంచు పగిలి ఉంది. దానికి మూడు అడుగుల దూరంలోనే డ్రైనేజీ ఛాంబరు. మాకు ఇన్నాళ్లూ వాసన వస్తోందని బాధ, ఇక్కడ చూస్తే అది సగం దారిలోనే అయిపోతోంది. ఫిల్టరు డబ్బుతో మూత మార్పించి, సంపు గోడలకు పగుళ్లు పూడ్పిద్దామని సంఘంలో చెప్పాను. పెద్దమనిషి ఇంకా ఒప్పుకోలేదు. మరమ్మతు అయ్యాక సంపులో మేమే క్లోరిన్ వేయవచ్చా? మాది 10,000 లీటర్ల సంపు.

పాత ప్రయోగశాల

వేయవచ్చు, కానీ పరీక్షలో 0.2 కంటే తక్కువ వచ్చినప్పుడే. ముందు సంపును ఖాళీ చేసి అడుగున పేరుకున్న బురద తీయించండి, ఎందుకంటే ఎంత క్లోరిన్ వేసినా ముందుగా ఆ బురదే తినేస్తుంది. బ్లీచింగ్ పౌడర్ మంచిదైతే 1,000 లీటర్లకు రెండున్నర గ్రాములు సరిపోతుంది, అంటే మీకు 25 గ్రాములు. మూత తీసి ఉంచిన పాత డబ్బాలో పొడి శక్తి తగ్గిపోతుంది గనుక కొత్తది కొనండి. దానిని ప్లాస్టిక్ బకెట్లో కొద్ది నీటితో ముద్దగా కలిపి, మరికొంత నీరు పోసి, పది నిమిషాలు కదపకుండా ఉంచితే సున్నం అడుగుకు దిగుతుంది. పైన తేటను మాత్రమే సంపులో పోసి, మోటారు వేయడానికి ముందు ఒక గంట ఆగండి. తరువాత కిట్‌తో మళ్లీ చూడండి. పై ట్యాంకులో కూడా 0.2 నిలిస్తే చాలు, ఎక్కువ వేయవద్దు, మీ అమ్మగారు మళ్లీ పట్టేస్తారు.