600కి 512 వచ్చినా పర్సెంటేజ్ సున్నా! సి ల్యాబ్ ప్రోగ్రాంలో తప్పెక్కడుంది?

అలిపిరి_అమ్మాయి:
అందరికీ నమస్తే. తిరుపతిలో బీటెక్ ఫస్టియర్ చదువుతున్నాను. ల్యాబ్‌లో ఇచ్చిన ప్రోగ్రాం చాలా చిన్నది. పదో తరగతి ఆరు సబ్జెక్టుల మార్కులు తీసుకుని టోటల్, పర్సెంటేజ్, గ్రేడ్ చూపించాలి. టోటల్ 512 అని సరిగ్గానే వస్తోంది, పర్సెంటేజ్ మాత్రం 0.00. ఎర్రర్ ఏమీ లేదు. పర్సెంట్‌ని ఫ్లోట్‌గానే (దశాంశాలు పట్టే రకం) పెట్టాను. లైన్ ఇదీ:
పర్సెంట్ = టోటల్ / 600 * 100;
రేపు రికార్డులో సంతకం పెట్టించుకోవాలి. ఒకటే టెన్షన్.

కొర్లగుంట_కోడర్:
టోటల్ ఇంట్ (పూర్ణాంకాలు మాత్రమే పట్టే రకం) కదా? 600 కూడా ఇంటే. ఇంట్‌ని ఇంట్‌తో భాగిస్తే సి భాగఫలం ఒక్కటే ఇస్తుంది, దశాంశం జోలికి పోదు. 512లో 600 ఎన్నిసార్లు పోతుంది? సున్నాసార్లు. దాన్ని వందతో గుణిస్తే ఏమొస్తుంది! ఎడమవైపు ఫ్లోట్ ఉన్న సంగతి ఆఖర్న, విలువను అందులో పెట్టేటప్పుడే పనికొస్తుంది. అప్పటికే పోవాల్సింది పోయింది.
నమ్మకం లేకపోతే అన్ని సబ్జెక్టులకూ వందకి వంద ఇచ్చి చూడు, 100.00 వస్తుంది. ఒక్క మార్కు తగ్గించి 599 చెయ్యి, మళ్ళీ సున్నా.

రేణిగుంట_రాజు:
ఇంత చిన్నదానికి ఇంత పాఠమెందుకప్పా. ముందు గుణించి తర్వాత భాగించు, అయిపోతుంది:
పర్సెంట్ = టోటల్ * 100 / 600;

అలిపిరి_అమ్మాయి:
థాంక్స్ అన్నా! ఫోన్‌లో ఉన్న కంపైలర్‌లో (ప్రోగ్రాంని నడిచేలా మార్చే సాఫ్ట్‌వేర్) వేసి చూశాను, 85.00 వచ్చింది.

కొర్లగుంట_కోడర్:
రావాల్సింది 85.33 కదమ్మా. ఆ .33 ఎక్కడికి పోయిందో కూడా అడగాలి. భాగహారం ఇంకా ఇంట్‌లోనే జరుగుతోంది.

అలిపిరి_అమ్మాయి:
అన్నా, ల్యాబ్‌లో ఇంకా ఘోరంగా ఉంది. అదే లైను, అవే మార్కులు. ఇక్కడ -23.00 వస్తోంది! గ్రేడ్ దగ్గర ఫెయిల్ అని పడింది. పక్క సిస్టంలో నా ఫ్రెండ్ టోటల్ 300 వచ్చేలా ఇస్తే ఆమెకి 50.00 కరెక్టుగా వచ్చింది. మేడం చూసి నవ్వి, "నువ్వే కనుక్కో" అని వెళ్ళిపోయారు. సిస్టం చెడిపోయిందేమో అనుకుంటున్నాం.

చిత్తూరు_ల్యాబ్_అసిస్టెంట్:
సిస్టం బాగానే ఉంటుంది. మీ ల్యాబ్‌లో నీలం స్క్రీన్ వస్తుందా? అయితే అది టర్బో సి అనే పాత కంపైలర్. డాస్ కాలం నాటిది, అందులో ఇంట్‌కి 16 బిట్లే. -32768 నుంచి 32767 దాకా మాత్రమే పడుతుంది. ఇప్పుడు కాగితం మీద వేసి చూడు. 512 * 100 అంటే 51200. అది పట్టదు. అందులోంచి 65536 పోతే -14336. దాన్ని 600తో భాగించి దశాంశం కొట్టేస్తే -23. నీకు కనిపించింది అదే. ఫోన్ కంపైలర్‌లో ఇంట్‌కి 32 బిట్లు ఉంటాయి కాబట్టి అక్కడ ఇబ్బంది రాలేదు.
మీ ఫ్రెండ్ ఇచ్చిన 300 వందతో గుణిస్తే 30000, హాయిగా పట్టింది. 327 మార్కుల దాకా అంతే. 328 నుంచి మైనస్ మొదలు. అంటే ఈ ప్రోగ్రాంలో బాగా చదివినవాళ్ళే ఫెయిల్! 600కి 600 తెచ్చుకున్నవాడికి -9 వస్తుంది, కావాలంటే వేసి చూడండి.
ఇంట్ పట్టకుండా పొంగినప్పుడు జవాబు ఇంత రావాలని సి ప్రమాణం ఎక్కడా చెప్పదు. అందుకని ఈ మైనస్‌లను లెక్కలోకి తీసుకుని ఏదో సర్దుదామని చూడొద్దు. ఇలా రాయి:
పర్సెంట్ = టోటల్ * 100.0 / 600;
100.0 అని రాస్తే అది డబుల్, అంటే ఫ్లోట్ లాగే దశాంశాలు పట్టే రకం. లెక్కంతా డబుల్‌లోనే నడుస్తుంది. పొంగదు, దశాంశమూ పోదు. ఎక్కడ వేసినా 85.33.

బైరాగిపట్టెడ_హాస్టల్:
క్యాస్ట్ చేసినా (ముందు బ్రాకెట్లో ఫ్లోట్ అని రాసి రకం మార్చినా) సరిపోతుంది, కాకపోతే బ్రాకెట్ జాగ్రత్త. (ఫ్లోట్)టోటల్ / 600 * 100 అయితే సరే. (ఫ్లోట్)(టోటల్ / 600) * 100 అని రాస్తే మొదటికే వస్తావు. లోపల భాగహారం అయిపోయాక సున్నాని ఫ్లోట్ చేసి ఏం లాభం? మా బ్యాచ్‌లో సగం రికార్డుల్లో ఈ రెండోదే ఉండేది, ఒకరి దగ్గర చూసి ఒకరు దించి.

కొర్లగుంట_కోడర్:
పైథాన్ 3లో భాగహారానికి ఒక్క గీత (/) పెడితే దశాంశాలతోనే వస్తుంది, పూర్ణాంకమే కావాలంటే రెండు గీతలు (//) పెట్టాలి. జావాకి వెళ్ళేవాళ్ళు మాత్రం గుర్తుపెట్టుకోండి, అక్కడా సి పద్ధతే, ఇంట్ మాత్రం 32 బిట్లు.

చంద్రగిరి_మాస్టారు:
నేను పిల్లలకు సి చెబుతాను. చాలామంది ఒక్క టోటల్ ఇచ్చి, జవాబు వచ్చిందని సంతకానికి పరిగెత్తుతారు. ఈ ప్రోగ్రాంకి 0, 327, 328, 600 ఇచ్చి చూస్తే చాలు, బండారం బయటపడుతుంది. గ్రేడ్ దగ్గర ఇఫ్‌ల వరస కూడా చూసుకోమ్మా. 35 దాటితే పాస్ అన్నది ముందు రాసి, 75 దాటితే డిస్టింక్షన్ అన్నది ఎల్స్ ఇఫ్‌లో రాస్తే డిస్టింక్షన్ ఎవరికీ రాదు. పెద్దది ముందుండాలి.
ఇంట్లో జీసీసీ అనే సి కంపైలర్ వాడేవాళ్ళు -Wall (హెచ్చరికలు చూపమనే ఆప్షన్) పెట్టి కంపైల్ చేయండి. విలువలు చదివే స్కాన్‌ఎఫ్‌లో & మరిచిపోయినా, ఇఫ్‌లో == బదులు = పెట్టినా హెచ్చరిస్తుంది. అయితే ఈ ఇంట్ భాగహారం గురించి అదీ నోరు మెదపదు, ఎందుకంటే భాష ప్రకారం అది తప్పే కాదు.

రేణిగుంట_రాజు:
మార్కులు పెరిగితే మైనస్ రావడం బాగుంది. మా వాడికి చూపిస్తే చదువు మానేస్తానంటాడేమో అని భయంగా ఉంది 😀

అలిపిరి_అమ్మాయి:
100.0 పెట్టాను, 85.33 వచ్చింది. సంతకం కూడా అయింది! అందరికీ థాంక్స్. ఇంకొక్కటి. చివర్లో "ఇంకో విద్యార్థి ఉన్నారా? వై/ఎన్" అని అడిగే లైన్ పెట్టాను. నేనేమీ నొక్కకముందే ప్రోగ్రాం ముగిసిపోతోంది.

చిత్తూరు_ల్యాబ్_అసిస్టెంట్:
ఆఖరి మార్కు టైప్ చేశాక ఎంటర్ కొట్టావు కదా, ఆ ఎంటర్ లోపలే మిగిలి ఉంటుంది. స్కాన్‌ఎఫ్‌లో ఒక్క అక్షరం చదవమని చెప్పే %c దాన్నే నీ జవాబు అనుకుని తీసేసుకుంటుంది. కొటేషన్ లోపల %c ముందు ఒక్క ఖాళీ వదులు, ఎంటర్‌ను దాటేసి నువ్వు నొక్కేదాకా ఆగుతుంది. అప్పటికీ ఆగకపోతే కోడ్ మొత్తం ఇక్కడ పెట్టు. స్క్రీన్‌కి ఫోటో తీసి కాదు, టైప్ చేసి.