హెర్బేరియం షీట్ల కోసం ఇంకా మొక్కలు కోయాలా? ఫోన్లో ఫొటో చాలదా?

కొండదారి:
మా చెల్లెలు విశాఖలో బీఎస్సీ బోటనీ చదువుతోంది. మొక్కను నొక్కి ఎండబెట్టి, అట్ట మీద అంటించి, పక్కన వివరాలు రాస్తే అది హెర్బేరియం షీటు. ఒక్కొక్కరూ అలాంటివి 30 ఇవ్వాలట, క్లాసులో 40 మంది. అంతా కలిసి రుషికొండ వైపు వెళ్లి అదే తంగేడు, అదే ఉత్తరేణి, అదే వయ్యారిభామ పీక్కొచ్చారు. 1200 షీట్లు తయారయ్యాయి, లెక్కేస్తే పాతిక రకాలు కూడా లేవు. సీనియర్ల షీట్లు మెట్ల కింద కట్టలుగా పడి ఉండటం నేను చూశాను, సగం పురుగు తినేసింది. ఫోన్లో తీస్తే తేదీ, జీపీఎస్ వాటంతటవే పడతాయి. ఈ కోయడం ఆపేయాలి.

పాత మాస్టారు:
బాబూ, మెట్ల కింద కట్టలు నాకూ బాధే. ఫొటో చాలనే మాట మాత్రం ఒప్పుకోను. గడ్డి జాతులే తీసుకో. కంకిలోని పొట్టు విప్పి లెన్స్ కింద పెడితే గానీ ఏ గడ్డో తేలదు. ఆకు కాండాన్ని చుట్టుకునే చోట ఉండే సన్నని పొరా చూడాలి. తుంగలకైతే గింజ కావాలి. ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉన్న రోజుల్లో మన తీరం మొక్కలకు ఎంతో అందమైన బొమ్మలు గీయించాడు, 1795 నుంచి అవి అచ్చయ్యాయి. అంత మంచి బొమ్మలున్నా, సందేహం వస్తే నేటికీ ఆయన ఎండబెట్టిన నమూనా ఎక్కడుందా అనే వెతుకుతారు. మనం పెట్టిన పేరు తప్పయితే రేపటివాళ్లు దిద్దుకోవడానికి ఆధారం ఆ షీటే.

తూర్పుకనుమల పరిశోధకురాలు:
మాస్టారూ, షీటు ఉంటే సరిపోదండీ. పీహెచ్‌డీ కోసం పాత షీట్లు వందల కొద్దీ తిరగేశాను. నన్ను ఏడిపించింది లేబుళ్లే, అంటే మొక్క ఎక్కడ, ఎప్పుడు, ఎవరు కోశారో షీటు మీద రాసే చీటీలు. ‘విశాఖపట్నం జిల్లా, కొండ మీద’ అని ఉంటుంది, అంతే. ఏ కొండ? 1936కు ముందుదైతే ఇప్పుడు ఒడిశాలో ఉన్న కోరాపుట్ ప్రాంతం కూడా ఈ జిల్లాలోదే. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం జిల్లాలు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో అరకు, అనంతగిరి, లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. ఒక మొక్క మన దగ్గర అంతరించిందా, అసలు అది ఒడిశా వైపుదేనా అని తేల్చలేక వదిలేసిన రోజులున్నాయి. అందుకే ఊరు, కొండ పేరు, ఎత్తు, అక్షాంశ రేఖాంశాలు రాయమని జూనియర్ల వెంట పడతాను.

ఎండితే పువ్వు రంగు పోతుంది కాబట్టి అది కోసిన చోటే రాయాలి, రాత్రి హాస్టల్లో గుర్తు తెచ్చుకుని కాదు. చెట్టు ఎంత ఎత్తుందో, అక్కడివాళ్లు ఏమని పిలుస్తారో కూడా అప్పుడే. కలెక్షన్ నంబరు, అంటే కోసిన ప్రతి నమూనాకూ మనం వేసుకునే నంబరు, జీవితాంతం ఒకటే వరుస, ప్రతి టూరుకూ మళ్లీ 1తో మొదలుపెట్టకూడదు. నన్నడిగితే క్లాసంతటికీ ఒకే రిజిస్టరు పెట్టాలి, ఒక చోట ఒక రకాన్ని ఒకరే కోయాలి, మార్కులు లేబులుకే వేయాలి.

కొండదారి:
అక్కా, లేబులు సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నా. మరి అరుదైన మొక్క ఒక్కటే కనిపిస్తే?

పాత మాస్టారు:
కోయొద్దు. చుట్టుపక్కల 20 ఉంటే ఒకటి తీసుకోవడం మేము పాటించిన లెక్క. నేల ఆర్కిడ్లు బాగానే ఉన్నచోట కూడా దుంప తవ్వకుండా ఒక పువ్వు స్పిరిట్‌లో వేసుకుని, మిగతాది ఫొటో తీయాలి. కంబాలకొండ లాంటి అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేకుండా ఆకు కూడా తుంచకూడదు.

షీట్ల కాపలా:
నేను ఇలాంటి షీట్లు భద్రపరిచే హెర్బేరియంలో పనిచేస్తాను. మన సముద్రపు గాలికి, మొక్కలు నొక్కి ఎండబెట్టే ప్రెస్‌లో పేపర్లు రోజూ మార్చకపోతే వానాకాలంలో బూజు పట్టేస్తుంది. తర్వాత బిగుతుగా మూసుకునే అలమరా కావాలి, ఏటా పురుగు కోసం వెతకాలి. ఇవి చేయలేనివాళ్లు మంచి నమూనాలు మాలాంటి చోటికి పంపండి.

కొండదారి:
సరే, ఫొటో చాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ రిజిస్టరూ అలమరా లేని కాలేజీ పిల్లల చేత మొక్కలు కోయించకూడదు. దీని మీద మాత్రం నేను తగ్గను.