సమస్యాపూరణం: “పాత బదులు దీర్చఁ బాప మయ్యె”

నిర్వాహకురాలు

అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఇది:

*పాత బదులు దీర్చఁ బాప మయ్యె*

ఇది ఆటవెలది నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే, అంటే మూడేసి మాత్రల చిన్న గణాలే: పాత, బదులు, దీర్చ, బాప, మయ్యె. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరం, పా–బా. రెండూ ఒకే వర్గంలోవి కాబట్టి చెల్లుతుంది. ‘తీర్చన్’ ద్రుతాంతం (నకారంతో ముగిసే మాట) కనుక పక్కనున్న ‘పాపము’ ‘బాపము’ అయింది. పై మూడు పాదాలు మీరు పూరించాలి.

బదులు అంటే అప్పు, జవాబు కూడా. ఏ అర్థం తీసుకున్నా సరే. నా మనసులో ఉన్నది మాత్రం జవాబే. ఉత్తరం చివర ‘తిరుగు టపాలో జవాబు రాయగలరు’ అని రాసుకున్న రోజులు నాకు బాగా గుర్తు. ఆ తిరుగు టపా ఎప్పుడో వెళ్లిపోయింది, జవాబు మాత్రం మన దగ్గరే ఉండిపోయింది. పదేళ్లకో పాతికేళ్లకో ఆ ఉత్తరం మళ్లీ కంటబడితే రాయాలా, ఊరుకోవాలా? దీన్ని ఎందుకు అడుగుతున్నానో నా పూరణతో పాటు చెప్తాను.

పాలమూరు పద్యం

అమ్మా, మా వైపు బదులు అంటే ముందు గుర్తొచ్చేది చేబదులే. అందుకని నేను అప్పు దారిలోనే వెళ్లాను.

*గడువు తీరబోవు కాగితము వెనుక*
*చెల్లు వ్రాసి క్రిందఁ జేసె వ్రాలు*
*మూడు వత్సరాలు మొలిచె మరల నోటు*
*పాత బదులు దీర్చఁ బాప మయ్యె*

ప్రోనోటుకు మూడేళ్ల గడువు. ఆ గడువు ముగిసేలోపు బాకీదారు ఎంతో కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. 1963 నాటి లిమిటేషన్ చట్టంలో 19వ సెక్షన్ ఇదే చెబుతుంది. ఇంకో నెలలో చచ్చిపోయే నోటుకు మా పద్యంలోని మనిషి తన చేత్తోనే ప్రాణం పోశాడు.

నిర్వాహకురాలు

చాలా బాగుంది. ‘మొలిచె మరల నోటు’ అన్నచోట ఆగి రెండుసార్లు చదివాను. యతులన్నీ సరిపోయాయి: గ–కా, చె–జే, మూ–మొ. ఒకటే అనుమానం. చెల్లు వేయడం అంటే కొంత కట్టడమే కదా, ‘తీర్చ’ అనొచ్చా?

పాలమూరు పద్యం

తీర్చడం మొదలుపెట్టాడు అనే అర్థంలో వాడాను. పూర్తిగా తీర్చేస్తే ఇక నోటే ఉండదు కదమ్మా.

ప్లీడరు గుమాస్తా

ఇక్కడ ఒక మాట చేర్చాలి. గడువు దాటిపోయాక చెల్లు రాస్తే నోటు బతకదు. కానీ కాలదోషం పట్టిన బాకీని కూడా ‘ఇస్తాను’ అని కాగితం మీద రాసి సంతకం చేస్తే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద అది చెల్లే ఒప్పందం అవుతుంది. నలభై ఏళ్లు నోట్లు రాసిన అనుభవంతో చెప్తున్నాను: పాత కాగితం మీద కలం పెట్టేముందు దాని తేదీ చూడాలి. ఉత్తరమైనా అంతే. ‘మీరు 1994లో అడిగారు, ఇది దానికి జవాబు’ అని మొదటి వాక్యంలోనే రాయండి. అవతలివాళ్లకు ఏ సంగతో తెలియకుండా జవాబు ఒక్కటే పడేస్తే వాళ్లు ఎంత కంగారు పడతారో ఆలోచించండి.

తెనాలి వాణి

*చెలియ యడిగినట్టి చిన్న మాటకు నేను*
*చాల యేండ్ల పిదప జాబు వ్రాయఁ*
*దల్లి లేని పిల్ల తలుపు దగ్గర నేడ్చె*
*పాత బదులు దీర్చఁ బాప మయ్యె*

నిర్వాహకురాలు

వాణి గారూ, దీని గురించి ఎక్కువ రాయలేను, కళ్లు తడిశాయి. ఉత్తరం ఎవరి పేర వచ్చిందో ఆ మనిషి లేదని మూడో పాదంలో ‘తల్లి లేని పిల్ల’ అనే మూడు మాటల్లో చెప్పేశారు. చనిపోయింది అనే మాట ఎక్కడా లేదు. ‘వ్రాయఁ దల్లి’ దగ్గర సరళాదేశం చేసి, అంటే ‘త’ను ‘ద’గా మార్చి, ద–త యతి కూడా నిలబెట్టారు.

తెనాలి వాణి

ఇది జరిగిన సంగతేనండీ. పేరంటంలో పాడే పాట ఒకటి రాసి పంపమని తను అడిగింది. ఎప్పటికప్పుడు రేపు రాద్దాం అనుకున్నాను. తను పోయిందని నాకు తెలియదు. ఆ ఊళ్లో ఎవరికైనా ఒక ఫోను చేసి కనుక్కుని ఉంటే కవరు మీద అమ్మాయి పేరు రాసేదాన్ని. అమ్మ పేర వచ్చిన ఉత్తరాన్ని ఆ పిల్ల చేతికి ఇచ్చారు. ఆ బాధ నాకు పోలేదు.

కొత్త కలం

ఇది నా రెండో ప్రయత్నం. తప్పులుంటే చెప్పండి.

*మానిపోయినట్టి గాయమును కెలికి*
*అన్నదమ్ము లిద్ద రలిగి పోగ*
*పొలము గట్టు గొడవ పుట్టె మరల నింట*
*పాత బదులు దీర్చఁ బాప మయ్యె*

నిర్వాహకురాలు

గణాలు నాలుగు పాదాల్లోనూ కుదిరాయి. రెండో ప్రయత్నానికే ఇది రావడం సంతోషం. మొదటి పాదంలో యతి తప్పింది. ‘మా’కు ‘గా’ కుదరదు. మీ మాటలే ఉంచి ఇలా మార్చి చూడండి:

*మానిపోయినట్టి మాటగాయము రేపి*

మా–మా కుదిరింది, తగిలింది మాటల దెబ్బేనని కూడా తెలిసింది. రెండో పాదంలో ‘ఇద్దరు + అలిగి’ కలిసి ‘ఇద్ద రలిగి’ అయినచోట లోపలి అకారంతో ‘అన్న’లోని అకారానికి యతి వేశారు. మీకు తెలిసి చేశారో లేదో గానీ చాలా చక్కగా పడింది.

భావంలో ఒక లోటుంది. బదులు ఎవరు చెప్పారు, ఏ మాటకు చెప్పారు? అది లేకపోతే సమస్య పద్యానికి అతుక్కోదు.

కొత్త కలం

మా పెదనాన్న ఎప్పుడో ‘గట్టు జరిపారు’ అని నాన్నను నిందించారండీ. ఇరవై ఏళ్లు ఎవరూ దాని ఊసెత్తలేదు. సర్వే కాగితం దొరికిందని నేనే సంక్రాంతికి అందరి ముందూ చదివాను. నాన్న తప్పు లేదని నిరూపించాలని తప్ప నాకు వేరే ఉద్దేశం లేదు. నాన్నే లేచి బయటికి వెళ్లిపోయారు.

నిర్వాహకురాలు

ఆ సర్వే కాగితం పద్యంలోకి రావాలి. రెండో పాదంలో పెట్టి మళ్లీ రాయండి, ఎదురుచూస్తాను. నాన్నగారిని ముందు అడిగి ఉంటే ఆయనే వద్దనేవారేమో. ఆ నింద పడింది ఆయన మీద. దాన్ని తిప్పికొట్టాలా, మరిచిపోవాలా అనేది తేల్చుకునే హక్కు కూడా ఆయనదే.

పత్తి రైతు

*పాత మందు పేరు బావకు వ్రాసితి*
*చేనిపైన నతఁడు చిమ్ముకొనియె*
*కోర్టు వలదనంగఁ గొట్టు మానిన మందు!*
*పాత బదులు దీర్చఁ బాప మయ్యె*

పచ్చదోమకు ఏం కొట్టాలని బావ ఎప్పుడో అడిగాడు. డైరీలో ఉన్నది ఉన్నట్టు ఏళ్ల తర్వాత రాసి పంపాడు ఈ మనిషి. ఆ మందు ఎండోసల్ఫాన్. 2011 మేలో సుప్రీంకోర్టు దాని తయారీ, అమ్మకం, వాడకం అన్నీ ఆపేసింది.

ప్లీడరు గుమాస్తా

కొట్లో అమ్మడం మానేసిన మందు బావకు ఎక్కడ దొరికింది?

పత్తి రైతు

అటక మీద పాత డబ్బా. మా ఊళ్లల్లో ఏ అటక మీద చూసినా ఒకటి ఉంటుంది. నిజమే, అది పద్యంలో చెప్పలేదు. రెండో పాదం మారుస్తున్నాను:

*నటక డబ్బ విప్పి యతఁడు చల్లె*

నిర్వాహకురాలు

‘వ్రాసితిన్ + అటక’ కాబట్టి నకారం వచ్చింది. సంధి సరే, అకారాల యతి కూడా సరే. అటక డబ్బా రాగానే పద్యానికి ఒక ఇల్లు వచ్చింది. అందరూ ఈ పద్యం గుర్తుంచుకోవాలని నా కోరిక. మందు, ఎరువు, చట్టం, చిరునామా లాంటివి అడిగిన నాటికి నిజమైనా నేటికి కాకపోవచ్చు. పాత ప్రశ్నకు ఈనాటి జవాబు వెతికి రాయాలి.

డల్లాస్ తెలుగు

నేను అందరితోనూ విభేదిస్తున్నాను. ఆలస్యమైందని ఆగకూడని జవాబు ఒకటుంది.

*మిత్రుఁ డేఁగెననుచు మెల్లగాఁ దెలియంగ*
*నాలుగేండ్లకైన నాల్గు మాట*
*లతని యాలి కిపుడె యాదరమున వ్రాయ*
*పాత బదులు దీర్చఁ బాప మయ్యె?*

ఇంత దూరంలో ఉంటే కబురు ఆలస్యంగానే అందుతుంది. ‘ఇన్నాళ్లకు రాస్తే ఏమనుకుంటారో’ అన్న టెన్షన్‌తో ఇంకో ఏడాది గడిపేస్తాం. నేను రాశాను. వాళ్లావిడ దగ్గర నుంచి తిరిగి ఫోను వచ్చింది, గంట మాట్లాడారు.

తెనాలి వాణి

ప్రశ్న గుర్తు తీసేస్తే అర్థం తారుమారైపోతుంది కదండీ? ‘ఎట్లు’ అనే మాట ఉండాల్సింది.

నిర్వాహకురాలు

కాకువుతో, అంటే గొంతులో ప్రశ్న పలికేలా చదివితే సరిపోతుంది. అవధానాల్లో అలా ఎన్నో సమస్యలు తేల్చారు. నాకు అభ్యంతరం లేదు.

వెనక అశుభవార్త కార్డు వస్తే గుమ్మం బయటే చదివి చించేసేవాళ్లు, ఇంట్లోకి తెచ్చేవాళ్లు కాదు. మా ఇంట్లో ఆ తర్వాత వచ్చిన పరామర్శ ఉత్తరాలను మాత్రం అమ్మ పెట్టె అడుగున దాచింది. ఆలస్యంగా వచ్చినవీ వాటిలో ఉన్నాయి.

ఆ పెట్టెలోనే నా సంగతి కూడా ఉంది. అమ్మ పోయాక సర్దుతుంటే 1988 నాటి ఇన్‌లాండ్ లెటర్ దొరికింది. అమ్మ చిన్ననాటి స్నేహితురాలు రాసింది: ‘మా అమ్మాయి పెళ్లికి ఎందుకు రాలేదే, నా మీద కోపమా?’ దాని మడతలో అమ్మ మొదలుపెట్టి ఆపేసిన జవాబు ఉంది. ఆవిడ భర్త ఆ రోజుల్లో అమ్మను అన్న మాట ఒకటి అందులో రాసి ఉంది. అమ్మ అది పంపలేదు. నేను పంపాను. అమ్మ తప్పు లేదని ఆవిడకు తెలియాలనుకున్నాను. ఆవిడకిప్పుడు ఎనభై దాటాయి, భర్త లేరు. వారం తర్వాత వాళ్లమ్మాయి ఫోను చేసింది: ‘అత్తా, అమ్మ నాన్న ఫోటోకేసి చూడటం లేదు.’

*మనసు భారమెల్ల మంచిపేరున దింపి*
*యామె మనసు నేల యడుగనైతి*
*తేలికైతి నేను, దిగులొందె ముదుసలి*
*పాత బదులు దీర్చఁ బాప మయ్యె*

పాలమూరు పద్యం

అమ్మా, మీ అమ్మగారు ఆ కాగితం చించెయ్యలేదు, పంపనూ లేదు. అదే ఆవిడ చెప్పిన జవాబేమో. మీరొకసారి వెళ్లి ఆ పెద్దావిడ పక్కన కూర్చోండి. ఏమీ చెప్పక్కర్లేదు.

నిర్వాహకురాలు

వెళ్తానండీ. ఆదివారం బస్సుకు టికెట్ తీసుకున్నాను. మీ మాటలోంచే వచ్చే వారం సమస్య తీసుకుంటున్నాను. ఇదీ ఆటవెలది నాలుగో పాదమే, యతి బ–బ:

*బదులు వ్రాయకుండ బదులు చెప్పె*