అటకలో పాత గ్లాస్‌వూల్: మొత్తం పీకేయాలా, పైన ఇంకో పొర వేస్తే చాలా?

కప్పుకింద (ప్రశ్న)

అటక వైశాల్యం 1000 చదరపు అడుగులు. వాలు కప్పు. కింద సీలింగ్ అర అంగుళం జిప్సమ్ బోర్డు, దూలానికీ దూలానికీ మధ్య 24 అంగుళాలు. మధ్యలో వేడి ఆపడానికి పరిచిన గ్లాస్‌వూల్ (గాజు పోగుల దుప్పటి) మొదట ఆరంగుళాల మందం, ఇప్పుడు చాలాచోట్ల నాలుగుకి దిగిపోయింది. ఒక మూల ఎలుక పెంటికలు ఉన్నాయి. రెండు మూడు చోట్ల ఎత్తి చూస్తే అడుగున నల్లటి మరకలు. బూజేనా?

మొత్తం తీసెయ్యాలా? ఇంట్లో వాడే వ్యాక్యూమ్‌తో లాగెయ్యొచ్చా? కొత్తగా మిషన్‌తో ఊదే సెల్యులోజ్ (కాగితం తురుము) 12 అంగుళాలు వేద్దామనుకుంటున్నా, ఎలా ఉంటుంది?

దూలంవాసం

నల్ల మరకలన్నీ బూజు కాదండీ. గది గాలి సీలింగ్‌లోని సందుల గుండా పైకి పోతుంటే గ్లాస్‌వూల్ వడపోత గుడ్డలా దుమ్ముని పట్టేసుకుంటుంది. ఏళ్ల తరబడి అలా పట్టిన దుమ్మే ఆ నలుపు. తేడా కనిపెట్టడం కష్టమేం కాదు. మరక పొడిగా, మసిలా ఉండి, వాసన లేకుండా, సరిగ్గా వైరు చిల్లు మీదో లోపలి గోడ మీదుగా గీతలానో ఉంటే అది దుమ్ము. ముక్కవాసన వస్తూ, పక్కనున్న చెక్క మీదా గ్లాస్‌వూల్‌కి అంటించిన కాగితం పొర మీదా కూడా చుక్కలు చుక్కలుగా ఉంటే బూజు. గాజు పోగుకి బూజు పట్టదు, దాన్ని అంటుకున్న దుమ్ముకీ కాగితానికీ పడుతుంది. బూజే అయితే నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తేలేదాకా కొత్త మెటీరియల్ కొనకండి.

దుమ్ము మరకలైతే అవి మీకు చేతికొచ్చిన మ్యాప్. అందరూ చేసే పొరపాటు, పాతదంతా చుట్టి బయట పడేశాక చిల్లులు వెతకడం. తియ్యకముందే ప్రతి మరక పక్కనా దూలం మీద సుద్దతో గుర్తు పెట్టండి, ఫొటో తీసుకోండి.

ఇంకో సంగతి. గ్లాస్‌వూల్ కింద ఇంకో పొర ఉందేమో చూడండి. బూడిద, గోధుమ లేదా బంగారు రంగులో గులకరాళ్లలా, పొరలు పొరలుగా విచ్చుకున్న తేలికైన రేణువులు కనిపిస్తే అది వర్మిక్యులైట్ అనే ఖనిజం. అక్కడితో పని ఆపి మూత వేసి దిగిపోండి. 1919 నుంచి 1990 దాకా అమెరికాలో అమ్మిన వర్మిక్యులైట్‌లో 70 శాతానికి పైగా మోంటానాలోని లిబ్బీ గనిదే, అందులో ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఆస్బెస్టాస్ పోగులు కలిసి ఉన్నాయి. దాన్ని ఊడ్చినా వ్యాక్యూమ్ చేసినా పోగులు గాలిలోకి లేస్తాయి. ఆస్బెస్టాస్ తొలగించే లైసెన్సు ఉన్నవాళ్లే ముట్టుకోవాలి.

పొరమీదపొర

మొత్తం పీకేయమని నేనైతే చెప్పను. పొడిగా, వాసన లేకుండా ఉన్న గ్లాస్‌వూల్ నలిగినా పనిచేస్తూనే ఉంటుంది. అణిగిన పొరకి అంగుళం లెక్కన ఆర్-విలువ (వేడిని ఎంత ఆపుతుందో చెప్పే కొలత) కాస్త పెరుగుతుంది, తగ్గేది మొత్తం విలువ. ఆరుంపావు అంగుళాల ఆర్-19 చుట్టని మూడున్నర అంగుళాలకి అణిస్తే దాదాపు ఆర్-13 మిగులుతుంది. మీ నాలుగంగుళాల పొర కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది, దాన్నెందుకు పారేయడం? ఎత్తి పక్కన పెట్టి, కింద చిల్లులు మూసి, మళ్లీ అక్కడే పరిచి పైన కొత్త పొర వేయండి.

తీసేయాల్సినవి: తడిసినవి, బూజు పట్టినవి, అగ్నిప్రమాదంలో పొగ వాసన ఎక్కినవి, ఎలుకలు తిరిగినవి. ఎలుకల విషయంలో కంటికి కనిపించే మూలతో సరిపెట్టకండి. టార్చిలైటు నేలబారుగా వేసి చూస్తే గ్లాస్‌వూల్ పైన సన్నని కాలిబాటల్లా నొక్కుకుపోయిన గాడులు కనిపిస్తాయి. ఆ గాడులు వెళ్లినంత మేరా, ఇంకో రెండడుగులు అటూ ఇటూ తీసేయాలి. అటకలో సగానికి మించి గాడులుంటే మాత్రం దూలంవాసం గారు చెప్పినట్టు గుర్తులు పెట్టుకుని అంతా తీసెయ్యడమే తేలిక.

సంచిమూత

వ్యాక్యూమ్ ప్రశ్నకి. చుట్టలుగా వేసిన గ్లాస్‌వూల్‌ని ఏ వ్యాక్యూమూ లాగదు, చేత్తో చుట్టి సంచిలో వేయాల్సిందే. ఆరంగుళాల గొట్టం ఉండి, మిషన్ ఇంటి బయట నిలబెట్టే పెద్ద వ్యాక్యూమ్ ఊదిన మెటీరియల్ లాగడానికి. ఇంట్లో వాడేదైతే కొన్ని నిమిషాల్లో ఫిల్టరు మూసుకుపోతుంది, సన్నని పోగులన్నీ వెనకవైపు నుంచి ఇంట్లోకే కక్కేస్తుంది.

తెల్లవారుజామున మొదలుపెట్టండి, ఎండెక్కితే వాలు కప్పు కింద నిలవలేరు. అటకలోకి వెళ్లే కరెంటు మెయిన్ దగ్గర ఆపేసి తలకి లైటు కట్టుకోండి. పాత వైర్లని ఎలుకలు కొరికి ఉంటే గ్లాస్‌వూల్ ఎత్తినప్పుడే తెలుస్తుంది, ముందు తెలియదు. దూలాల మీద రెండు ప్లైవుడ్ పలకలు వేసుకుని వాటిని జరుపుకుంటూ పోవాలి. జిప్సమ్ బోర్డు మీద మోకాలు ఆనినా కాలు కింది గదిలోకి దిగుతుంది. ముఖానికి ఎన్95 లేదా పీ100 మాస్కు (గుడ్డ కట్టుకుంటే ఆగదు), పక్కలు మూసుకున్న కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా, గ్లవుజులు.

ఎలుకల మూలని పొడిగా ముట్టుకోవద్దు. హంటావైరస్ అనే ప్రాణాంతక జబ్బు ఎక్కువగా పెంటికల దుమ్ముతో వస్తుంది. ముందు అరగంట గాలి ఆడనిచ్చి, ఒక వంతు బ్లీచుకి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, దుమ్ము లేవకుండా మెల్లగా తడిసేలా చల్లి, ఐదు నిమిషాలు ఆగాక సంచిలోకి ఎత్తండి. బ్లీచులో ఇంకే క్లీనరూ కలపొద్దు.

లెక్క: 1000 చదరపు అడుగులు, నాలుగంగుళాలు అంటే సుమారు 330 ఘనపుటడుగులు. 160 లీటర్ల మందపాటి సంచికి ఆరు ఘనపుటడుగుల లోపే పడుతుంది. చుట్టి నొక్కితే రెండున్నర రెట్లు పడుతుంది కాబట్టి మొత్తం తీస్తే 25 నుంచి 30 సంచులు కావాలి. సంచి మూతి అటకలోనే బిగించండి. కిందికి దించాక కట్టుకుందాం అనుకుంటే వరండా అంతా పోగులే, వారం రోజులు దురద.

కప్పుకింద

ధన్యవాదాలు. గాడులు చూశాను, అటకలో మూడో వంతు దాకా ఉన్నాయి. అంతవరకే తీస్తాను. మరకల కింద చిల్లులు దేంతో మూయాలి, అన్నిటికీ ఫోమ్ డబ్బా చాలా? సెల్యులోజ్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

తూకంరాయి

సెల్యులోజ్ సంగతి ముందు చెప్తాను, మీ సీలింగ్‌కి అది బరువు. అర అంగుళం మామూలు జిప్సమ్ బోర్డు 24 అంగుళాల దూరంలో ఉన్న దూలాలకి కొట్టి ఉంటే చదరపు అడుగుకి 600 గ్రాములకి మించి పైన మోపకూడదు. అణిగాక 12 అంగుళాలుండే సెల్యులోజ్ 700 గ్రాములు దాటుతుంది. మొదటి నెల ఏమీ తెలియదు, తర్వాత దూలాల మధ్య సీలింగ్ కడుపులా దిగుతుంది. పైగా సెల్యులోజ్ పదిహేను, ఇరవై శాతం దాకా కుంగుతుంది కాబట్టి అంత ఎక్కువ పోయాలి. ఊదే గ్లాస్‌వూల్ దాంట్లో సగం బరువు కూడా ఉండదు. అంగుళానికి ఆర్-2.5 చొప్పున 15 అంగుళాలు వేస్తే ఆర్-38కి చేరతారు. పాత పొర ఉన్నచోట అంత అక్కర్లేదు.

చిల్లులకి ఫోమ్ ఒక్కటే చాలదు. పావంగుళం లోపు సందుకి సీలెంట్. అంతకు మించి మూడంగుళాల దాకా ఫోమ్. ఇంకా పెద్దదైతే బోర్డు ముక్క కోసి పెట్టి అంచుల చుట్టూ ఫోమ్. లోపలి గోడల నెత్తిన చెక్కకీ బోర్డుకీ మధ్య పొడుగునా ఉండే సన్న గీతని చాలామంది వదిలేస్తారు, మొత్తం కలిపితే అది బాత్రూమ్ పైపు చిల్లు కన్నా పెద్దది.

పొగగొట్టం దగ్గర ఫోమ్ వద్దే వద్దు, నిప్పంటుకుంటుంది. రేకు ముక్క కోసి, వేడికి ఆగే సీలెంట్ పెట్టండి. గొట్టం చుట్టూ రెండంగుళాలు ఖాళీ ఉండేలా రేకుతో గోడలా కట్టి, గ్లాస్‌వూల్ దాని బయటే ఆపాలి. గొట్టం మీద వేరే దూరం రాసి ఉంటే అదే పాటించండి. సీలింగ్‌లో దింపిన లైట్ల మీద ‘ఐసీ’ (గ్లాస్‌వూల్ లాంటివి తగిలినా ఫర్వాలేదని గుర్తు) అని ఉంటే కప్పొచ్చు, లేకపోతే చుట్టూ మూడంగుళాలు వదలాలి, పైన కప్పకూడదు. బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం అటకలోనే ఆగిపోయి ఉంటే ముందు దాన్ని కప్పు బయటికి తీసుకెళ్లండి, లేకపోతే కొత్త పొర కూడా తడుస్తుంది.

చూరు దగ్గర గాలి రంధ్రాలు మూసుకుపోకుండా ప్రతి వాసాల జత మధ్యా బాఫిల్ (గాలికి దారి ఉంచే పలక) కొట్టి, కప్పు పలక కింద కనీసం అంగుళం దారి ఉంచండి. ఊదేవాళ్లని పిలిస్తే మందం కొలిచే పట్టీలు నాలుగైనా పెట్టించి, సంచులు మీరే లెక్కపెట్టుకోండి. గాలి ఎక్కువ కలిపి ఊదితే ఆ రోజు 15 అంగుళాలు కనిపిస్తుంది, సంచులు మాత్రం తక్కువ పడతాయి. ఎన్ని పడాలో సంచి మీది పట్టికలో రాసి ఉంటుంది.

పొరమీదపొర

ఒక్కటి కలుపుతాను. చుట్టలే వేసుకుంటే పై పొర కాగితం లేనిది కొనండి, దూలాలకి అడ్డంగా పరవండి. మధ్యలో కాగితం వస్తే తేమ అక్కడ చిక్కుకుంటుంది. అటక మూతని మర్చిపోవద్దు. దాని వెనక నాలుగంగుళాల ఫోమ్ బోర్డు అంటించి, అంచు చుట్టూ రబ్బరు పట్టీ వేయండి. పొగగొట్టంతో నడిచే హీటరు ఉంటే చిల్లులు మూశాక ఒకసారి ఇంట్లో ఫ్యాన్లన్నీ వేసి, గొట్టం పొగ బయటికే పోతోందో వెనక్కి తంతోందో చూడండి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోండి.