ఏజెన్సీ మట్టి దారులకు పొట్టి బండా, పొడుగు బండా?

కొండదారి:
పాడేరు, అనంతగిరి వైపు మట్టి దారులకు పొట్టి బండే అంటాను, లెక్కతో సహా. మూడు డోర్ల మహీంద్రా థార్ వీల్‌బేస్ (ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి దూరం) 2450 మి.మీ., ఐదు డోర్ల థార్ రాక్స్‌ది 2850. పొట్ట కింద ఖాళీ 226 మి.మీ. ఉన్న పొట్టి బండి ఆనకుండా దాటే గట్టుని పొడుగుది దాటాలంటే 263 ఖాళీ కావాలి. ఆ 37 మి.మీ. టైరుతోనే తేవాలంటే టైరు వ్యాసం 74 పెరగాలి. అంత టైరు వేసి స్టీరింగ్ పూర్తిగా కోస్తే చక్రం గూటి లోపలి ప్లాస్టిక్ లైనర్‌కి రాసుకుంటుంది.

బాల్‌జాయింట్:
గట్టు లెక్క ఒప్పుకుంటాను. ఎక్కుడు సంగతో? 25 డిగ్రీల ఎక్కుడులో, బరువు కేంద్రం 700 మి.మీ. ఎత్తున ఉందనుకుంటే, ముందు ఇరుసు నుంచి వెనక్కి పోయేది, ఇరుసుల మీద పడే మొత్తం భారంలో, 2450లో సుమారు 13 శాతం, 2850లో 11.5. తేడా కొంచెమే. కానీ పొట్టి బండిలో సామానంతా వెనక ఇరుసు మీదో, దాని వెనకో పడుతుంది, ముక్కు ఇంకా తేలికవుతుంది. అప్పుడు స్టీరింగ్ ఎంత తిప్పినా బండి తిన్నగానే పోతుంది. తడిసిన ఎర్రమట్టిలో వెనక జారితే పొట్టిది గిర్రున తిరిగిపోతుంది, పొడుగుది సరిచేసుకునే టైమిస్తుంది.

కొండదారి:
ఆ ఒకటిన్నర శాతం కోసం ప్రతి హెయిర్‌పిన్‌లో రివర్సు కొట్టుకోవాలా? బయటి చక్రం 33 డిగ్రీలు తిరిగితే 2450కి మలుపు వ్యాసార్థం 4.5 మీటర్లు, 2850కి 5.2. దారే నాలుగు మీటర్లున్న చోట ఆ 70 సెంటీమీటర్లే లోయ అంచు! రాక్స్‌లో లోపలి వెనక చక్రాన్ని పట్టి ఆపి తిప్పే ఏర్పాటుంది, కాదనను. గట్టి నేల మీద మాత్రం అది టైరుని అరగదీయడమే.

గ్రీజుగన్:
ఇద్దరూ అసలుది వదిలేశారు. మలుపులో బండి వెడల్పుగా పోతోందంటే చాలాసార్లు తప్పు వీల్‌బేస్‌ది కాదు, ఫోర్‌వీల్ లివరుది (నాలుగు చక్రాలకీ ఇంజిన్ లాగుడు కలిపేది). ఈ బండ్లలో మధ్య డిఫరెన్షియల్ (ముందు, వెనక ఇరుసుల్ని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం తిరగాలి, కానీ రెండు ఇరుసులూ ఒకే వేగానికి కట్టేసి ఉంటాయి. బురదలో టైరు జారి సర్దుకుంటుంది. పొడి తారు మీద జారలేక స్టీరింగ్ బిగుసుకుంటుంది. తారెక్కగానే టూ హైకి (వెనక చక్రాలే లాగే 2H గేరుకి) రండి. లివరు ఇరుక్కుంటే స్టీరింగ్ తిన్నగా పెట్టి రెండు మీటర్లు రివర్సు పోనిస్తే వదులుతుంది.

కొబ్బరాకు:
మారుతి జిమ్నీకి 50 మి.మీ. లిఫ్ట్ చేయించాక (స్ప్రింగులతో బండి ఎత్తు పెంచాక) 70 కి.మీ. వేగం దగ్గర స్టీరింగ్ గజగజ ఊగుతుందట. స్టీరింగ్ ఊగుడుని అణిచే డాంపర్ మారిస్తే పోదా?

గ్రీజుగన్:
పోదు, దాక్కుంటుంది. కొత్త డాంపర్ నాలుగు నెలలు జబ్బుని కప్పిపెడుతుంది, అంతే. వరసగా చూడండి: టైర్ల గాలి, బ్యాలెన్సింగ్, పాన్‌హార్డ్ రాడ్ (ఇరుసు పక్కకి జరక్కుండా పట్టే కడ్డీ) బుష్‌లూ బోల్టులూ, కింగ్‌పిన్ (చక్రం తిరిగే కీలు) బేరింగ్‌లు, టై రాడ్ (ముందు చక్రాల్ని తిప్పే కడ్డీ) చివర్లు. చక్రాలు నేల మీదే ఉంచి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఒకరు స్టీరింగ్‌ని అటూ ఇటూ జానెడు ఊపాలి. ఇంకొకరు కింద ప్రతి జాయింటు మీద చెయ్యి పెట్టి చూడాలి. చేతికి టక్‌మని తగిలిందంటే దొంగ అక్కడే. లిఫ్ట్‌తో క్యాస్టర్ కోణం (చక్రం తిరిగే కీలు వెనక్కి వాలిన కోణం) కూడా తగ్గుతుంది. దాన్ని సరిచేసే బుష్‌లు వేయకపోతే మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను తిన్నగా రాదు.

బాల్‌జాయింట్:
ఇంకోటి. డ్రాగ్ లింకూ (స్టీరింగ్ పెట్టె నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ) పాన్‌హార్డ్ రాడ్డూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. ఒక్కదాన్నే కిందికి దించితే గుంతలో పడ్డప్పుడల్లా స్టీరింగ్ దానంతటదే లాగుతుంది. థార్, రాక్స్‌లకు ముందు ఇరుసు జిమ్నీలా ఒకే ముక్క కాదు కాబట్టి ఆ ఊగుడు బెడద లేదు. అలాగని ఎత్తు పెంచేస్తే టై రాడ్లు వాలిపోయి, చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడల్లా టో (ముందు చక్రాలు లోపలికో బయటికో చూసే కోణం) మారుతుంది.

కొండదారి:
అదే నేననేది! పొట్టి బండికి లిఫ్టే అక్కర్లేదు. గాలి 32 నుంచి 20 పీఎస్‌ఐకి దించితే చాలు.

గ్రీజుగన్:
దించండి, కానీ స్టీరింగ్ బరువెక్కుతుంది, పొట్ట కింద ఖాళీ ఒక సెంటీమీటరైనా పోతుంది. రాళ్లలో బొటనవేళ్లు స్టీరింగ్ చువ్వల లోపల పెట్టొద్దు. చక్రం రాయికి తన్నిందంటే స్టీరింగ్ వేలు విరిచేస్తుంది.